దీపాల రేవు మూడో భాగం

మార్చి 4, సోమవారం

పబ్లిషర్ తరఫు మనిషి వచ్చి వెళ్లాడు. భయపడాల్సినంత మనిషేం కాదు. నీలం చొక్కా, చేతిలో సన్నటి నోటుబుక్కు, ఏం చెప్పినా ఒకటే నవ్వు. బాగుందన్నా నవ్వాడు, కుదరదన్నా నవ్వాడు, తలుపు తగిలి మోచేయి చెక్కుకుపోతే కూడా నవ్వాడు. కాబట్టి ఈ డైరీలో ఆయన పేరు చిరునవ్వు.

మా కంప్యూటర్ ఆటల స్టూడియోని వాళ్లకి అమ్మి రేపటికి ఏడు నెలలు. సంతకాలు నావీ తమ్ముడివీ, నిర్ణయం మాత్రం మా అక్కదే అని వాడు కనపడినవాళ్లందరికీ చెబుతాడు. చెప్పుకోనీ. 'దీపాల రేవు' రెండు భాగాలు తీయడానికి మాకు పదకొండేళ్లు పట్టింది. జనం ఆ ఆటల్ని నెత్తిన పెట్టుకున్నారు. మూడోది సొంతంగా తీయాలంటే సగం మందిని ఇంటికి పంపాలి. పంపను. నలభై ఒక్క మందిమి, ఒకే అంతస్తు, ఒకే కాఫీ మిషను, దాని దగ్గర రోజూ అదే తగువు. వీళ్లంతా ఒక్కచోట ఉండాలి, మూడో భాగం తీయాలి. నాకు కావలసింది అదొక్కటే. దానికోసం ఎవడి ముందైనా కూర్చుని మాట్లాడతాను.

కథలో వేలు పెట్టకూడదని ఒప్పందంలో నేనే పట్టుబట్టి రాయించాను. ఆ సంగతి గుర్తు చేస్తే చిరునవ్వు, "అయ్యో, మేమెందుకు పెడతామండీ" అన్నాడు.

దొంగలకీ రాణులకీ పడవవాళ్లకీ ఇన్నేళ్లు మాటలు రాసిపెట్టినదాన్ని. ఒక్క నోటుబుక్కు మనిషిని మాటల్తో ఒప్పించలేనా?

మార్చి 8, శుక్రవారం

శుక్రవారం అంటే బల్ల. చిరునవ్వు కూడా చూస్తానని మూలన కుర్చీ వేసుకున్నాడు.

మా ఆటలో ఏ ఘట్టమైనా కంప్యూటర్లోకి వెళ్లేముందు బల్ల మీద ఆడాలి. కాగితాలు, పాచికలు, చుట్టూ పదిమంది. ఒకరు ఆడేవాళ్లు, మిగతావాళ్లు ఊళ్లో మనుషులు. ఘట్టం రాసినవాళ్లు మాత్రం నోరు మెదపకూడదు. ఆడేవాళ్లు కాగితంలో లేనిదేదైనా అడిగితే, ఎదుటి పాత్ర వేసినవాళ్లు అప్పటికప్పుడు తోచింది అనాలి. బల్ల దగ్గర నవ్వో నిశ్శబ్దమో పుట్టించిన మాటే ఆటలోకి వెళుతుంది. ఆవలింత వచ్చిందంటే రాసింది ఎవరైనా సరే చెత్తబుట్టే.

ఈ రోజు నాది. రేవులో దీపాలు వెలిగించే ముసలమ్మ, తాళం వేసిన పెట్టె ఒకటి అవతలి ఒడ్డుకి చేర్చమని అడుగుతుంది. రెండు పేజీలు రాశాను, కన్నీళ్లతో సహా. ఆడింది బొమ్మలావిడ. మా ఆటలో ప్రతి గోడా ప్రతి ముఖమూ గీసేది ఆవిడే. ముసలమ్మ వేషం తమ్ముడిది. నిజానికి వాడు కోడ్ రాసేవాడు.

బొమ్మలావిడ నేరుగా అడిగేసింది: "పెట్టెలో ఏముందమ్మా?"

అది నేను రాయలేదు. తమ్ముడు నా కాగితం బోర్లించాడు. గెడ్డం గోక్కున్నాడు.

"అడిగావు, బాగానే ఉంది. నా పేరు మాత్రం అడగలేదు" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. బొమ్మలావిడ పాచికలు కింద పెట్టేసి, "మోస్తానమ్మా, ఇలా ఇవ్వు" అంది. నా రెండు పేజీలూ పోయాయి. కడుపు మండిపోయింది. కానీ వాడిదే సరైన మాట.

అయ్యాక చిరునవ్వు వచ్చి, "ఇదంతా ఎక్కడ రాసి పెడతారండీ?" అన్నాడు.

"రాయం."

"కొత్తగా చేరినవాళ్లకి ఎలా తెలుస్తుందండీ మరి?"

"ఏడాది బల్ల దగ్గర కూర్చుంటే అదే తెలుస్తుంది."

నవ్వి, ఏదో రాసుకున్నాడు.

మార్చి 9, శనివారం

ఇంట్లో అత్తయ్య ఆటలోని పడవవాడి చేతిలో మళ్లీ మోసపోయింది. పద్నాలుగోసారి. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పిల్లల్ని హడలెత్తించిన మనిషి, మొదటి భాగం ఆటలో ఇప్పటికీ రేవు దాటలేదు. "ఏం మనుషుల్ని పుట్టించావే అమ్మాయీ, ఒక్క వెధవ నిజం చెప్పడు!" అని నన్ను తిట్టి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

మార్చి 21, గురువారం

పైవాళ్లు అంకెలు పంపారు. పైవాళ్లంటే చిరునవ్వుకి పైనున్నవాళ్లు. నేనింతవరకు చూడలేదు, అందుకని పైవాళ్లనే అంటాను. రెండో భాగం ఆడినవాళ్లలో ఓటమి దారి పట్టింది నూటికి ముగ్గురేనట. ముగ్గురికోసం అంత పని దేనికి అని ప్రశ్న.

ఓటమి దారంటే, అన్నీ పోగొట్టుకుని కూడా ఆట ముగించగలిగే దారి. ఆ ముగ్గురే మాకు ఉత్తరాలు రాస్తారు. ఒకాయన ఆసుపత్రి మంచం మీద ఆడానని రాశాడు. మిగతా తొంభై ఏడుమంది కూడా ఓడిపోవచ్చు అన్న భయంతోనే గెలుస్తారు. ఇదంతా మూడు గంటలు మాట్లాడాను. గొంతు పోయింది.

చివరికి తేలింది: ఓటమి దారి ఉంటుంది, ఆటగాడి వెంట నడిచే ఆరు తోడు పాత్రల్లో రెండు పోతాయి.

ఉంచుకోవాల్సింది ఉంచుకున్నాను. గెలిచింది నేనే.

మార్చి 22, శుక్రవారం

పోయిన రెండు పాత్రలూ ఎవరు రాసినవో వాళ్లకి చెప్పాల్సివచ్చింది. ఒకతను ఏడ్చాడు. రేపటికల్లా సర్దుకుంటాడు.

ఏప్రిల్ 2, మంగళవారం

చిరునవ్వు ఈసారి ఒంటరిగా కలిశాడు. మీటింగ్ గదిలో కాదు, కింద కాఫీ కొట్లో. మనసు విప్పి మాట్లాడాడు. పాపం, ఆయనకీ మేమంటే ఇష్టమే. కాలేజీ రోజుల్లో మొదటి భాగం మూడుసార్లు ఆడాడట.

"పైవాళ్లకి మీరేం చేస్తారో అర్థం కాదు మేడమ్. పదిమంది బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తారని నేను చెబితే వాళ్లకెలా వినిపిస్తుంది చెప్పండి? మీరు చేసేదంతా ఒకచోట రాసి ఉంటే, దాని విలువేమిటో వాళ్లకి చూపించగలను. అప్పుడు మీ జోలికి ఎవరూ రారండీ."

ఇంత తేలిక సంగతి నాకు ఇన్నాళ్లూ తట్టలేదేమిటి? రాయడం నా పని. రాస్తాను. దీపాల రేవు ఊరంతా, ప్రతి మనిషీ, ప్రతి నియమమూ, ఆ నియమం ఎందుకు పుట్టిందో, ఏ బల్ల దగ్గర ఏ మాట ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు పోయిందో. పెద్ద గ్రంథం. చదివినవాడు మమ్మల్ని ముట్టుకోవడానికి జంకాలి.

ఏప్రిల్ 5, శుక్రవారం

తమ్ముడికి చెప్పాను. వాడికి ముక్కు మీదే ఉంటుంది కోపం.

"రాయకక్కా" అన్నాడు.

"ఎందుకురా?"

"బల్ల దగ్గర జరిగేది బల్ల దగ్గరే ఉండాలి. అది మన తలల్లో ఉన్నంతకాలం వాళ్లకి మనం కావాలి. కాగితం మీద పెట్టావనుకో, కాగితం చాలు."

"నీకు మనుషుల మీద నమ్మకం లేదురా. చిన్నప్పటినుంచీ అంతే. ఇంటికి చుట్టాలొస్తే బొమ్మలన్నీ అటక మీద దాచేవాడివి."

"దాచినవే మిగిలాయి."

"కాగితం చూసి ఎవరైనా మనలా తీయగలరా? నీకు మన మీద కూడా నమ్మకం లేదా?"

వాడు లేచి వెళ్లిపోయాడు. నాతో వాదించి నెగ్గిన రోజు లేదు వాడికి.

ఏప్రిల్ 19, శుక్రవారం

రెండొందల పేజీలు. చేతికి పూనకం వచ్చింది. పొద్దున్న ఐదింటికే లేచి కూర్చుంటున్నాను, అత్తయ్యే కాఫీ కలిపి తెచ్చి పెడుతోంది.

ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతున్నాను. బొమ్మలావిడ దగ్గర నాలుగు గంటలు పట్టింది. ఎవరైనా అబద్ధం చెప్పే వీధిలో దీపాలన్నీ కాస్త పచ్చగా గీస్తుందట. పదకొండేళ్లుగా గీస్తోంది, ఒక్కరికీ చెప్పలేదు. నాకే తెలియదు! నోరు తెరిచి వింటూ కూర్చున్నాను.

"ఇది కూడా రాస్తావా, రచయిత్రి గారూ?" అంది.

"రాయకపోతే ఎలా?"

"ఏమో. చెప్పాక కాస్త చలేసినట్టుంది" అంది నవ్వుతూ. కిటికీ మూశాను.

చిరునవ్వుకి చెప్పిన గ్రంథం గడువు దగ్గర పడుతోంది కాబట్టి ఈ వారం బల్ల వేయలేదు. ఒక్క వారమే.

మే 10, శుక్రవారం

పైవాళ్ల కొత్త కోరిక. మూడో భాగాన్ని నలుగురు కలిసి ఆడేలా చేయాలట, నెట్‌లో, ముక్కూ మొహం తెలియని నలుగురు. మధ్యలో పాత్రలకి వేషాలు డబ్బుకి అమ్మే దుకాణం ఒకటి. తమ్ముడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. నేను వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. ఇలాంటప్పుడు లేచి అరిచేవాడు నష్టపోతాడు.

ఒక ఉపాయం చెప్పాను. ఊళ్లో మనుషులతో మాట్లాడేటప్పుడు నలుగురూ ఓటు వేస్తారు, ఎక్కువమంది ఏదంటే అదే జవాబు. పైవాళ్లకి బ్రహ్మాండంగా నచ్చింది. చిరునవ్వు చప్పట్లు కొట్టాడు.

మెట్ల మీద తమ్ముడు అడిగాడు: "ఓట్లు వేసి ఎవరైనా మోసపోతారా అక్కా? సిగ్గుపడతారా?"

"ఇది తాత్కాలికమేరా. ముందు ఒప్పుకోనీ, తర్వాత నెమ్మదిగా సగం తీసేద్దాం."

"సగం తీసేది వాళ్లు కదా, ఎప్పుడూ."

వీడితో ఇదే గొడవ. చిన్న గెలుపులు లెక్కలోకి రావు.

మే 24, శుక్రవారం

ఐదొందల అరవై పేజీలు. బల్ల ఈ నెలకి లేదు. ఇది తాత్కాలికమే.

జూన్ 1, శనివారం

అత్తయ్య నా గ్రంథంలో పడవవాడి అధ్యాయం అడిగింది. ఎందుకు అబద్ధం చెబుతాడో, ఎప్పుడు చెబుతాడో, ఎలా కనిపెట్టాలో అంతా అందులో ఉంది. చదివింది, పది నిమిషాల్లో రేవు దాటేసింది. దాటి, ఆట కట్టేసి, టీవీ పెట్టుకుంది.

"ఏమైందత్తయ్యా, నచ్చలేదా?"

"బాగానే ఉందే అమ్మాయీ. ఇంకేముంది ఆడటానికి?"

పెద్దవాళ్లకి ఊరికే విసుగొస్తుంది.

జూన్ 17, సోమవారం

తొమ్మిదొందల నాలుగు పేజీలు. ఈ రోజు పైవాళ్ల ఆఫీసులో నా చేతులతో ఇచ్చాను.

పదహారో అంతస్తు. నేల మీద అడుగుల చప్పుడు కూడా రాని తివాచీ. పెద్దావిడ, అంటే అందరికంటే పైన ఉన్నావిడ, లేచి నిలబడి అందుకుంది. పేజీలు తిప్పింది. ఊరికే తిప్పడం కాదు, చదివింది, నా ముందే, పావుగంట. నేను మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాను.

"ఇలాంటిది మా సంస్థలో ఇంతవరకు ఎవరూ రాయలేదు" అంది. "ప్రతిదానికీ కారణం రాశారు. అదే మాకు ఎక్కడా దొరకనిది."

ఒక కాగితం మీద సంతకం అడిగారు. ఇందులో ఉన్న ఊహలన్నీ నావేనని, గ్రంథం నేనే రాశానని, సర్వహక్కులూ సంస్థవని. అందరి పేర్లూ వేద్దామనుకున్నాను కానీ ప్రతి పేరుకీ ఒక్కో సంతకం, ఒక్కో కాగితం అన్నారు. అంత తతంగం దేనికి? నేనే పెట్టేశాను. నిజం చెప్పొద్దూ, అట్ట మీద నా పేరు ఒక్కటే ఉంటే చూడటానికి బాగుంది కూడా.

తిరిగొస్తూ గాల్లో తేలుతున్నాను. ఇక మమ్మల్ని ఎవడు కదుపుతాడు?

జూన్ 18, మంగళవారం

తమ్ముడికి చెబితే "మంచిది" అన్నాడు. అంతే. చూసి ఓర్వలేకపోవడం అంటే ఇదే.

జూలై 3, బుధవారం

గ్రంథం చదివినవాళ్ల దగ్గర్నుంచి మెయిళ్లు వస్తున్నాయి. పైవాళ్ల ఆఫీసు చిరునామాతోనే. ఎంత శ్రద్ధగా చదివారో! '412వ పేజీలో పడవవాడు వర్షం రోజున అబద్ధం చెప్పడన్నారు, 730లో చెప్పాడు, ఏది సరి?' నిజమే, నా పొరపాటే. ఈ ప్రశ్న మా స్టూడియోలో కూడా ఎవరూ అడగలేదు.

ఈ రోజు ముప్పై ఆరు ప్రశ్నలకి జవాబులు రాశాను. చేతి నిండా పని, మనసు నిండా సంతోషం.

జూలై 18, గురువారం

ఇప్పటికి రెండొందల పదకొండు ప్రశ్నలు. పచ్చదీపాల గురించి ఒకతను ఎంత పచ్చ అని అడిగాడు. బొమ్మలావిడని అడిగి, కంప్యూటర్లో ఆ రంగు తెప్పించే అంకెలు పంపాను.

తమ్ముడు నా భుజం మీదుగా స్క్రీన్ చూశాడు.

"ఎవరక్కా వీళ్లు?"

"పైవాళ్ల ఆఫీసులో వాళ్లు అయ్యుంటారు."

"ఆఫీసులో వాళ్లకి రంగు అంకెలెందుకు?"

"నేర్చుకుంటున్నారురా. ఎవరైనా మన పని నేర్చుకుంటామంటే మంచిదే కదా."

"అక్కా, నువ్వు నిజంగానే అనుకుంటున్నావా ఆ మాట?" అన్నాడు. అనుకుంటున్నాను. అనుకోకపోతే రాస్తానా?

జూలై 19, శుక్రవారం

బల్ల వేద్దామన్నాను. పాచికలు ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తు లేదు. వచ్చే వారం చూద్దాం.

ఆగస్టు 6, మంగళవారం

మూసేశారు.

ఆగస్టు 7, బుధవారం

నిన్న రాయలేకపోయాను.

పదింటికి చిరునవ్వు, ఆయనతో ఇంకో ఇద్దరు వచ్చారు. అందరినీ పెద్ద బల్ల దగ్గరికి రమ్మన్నారు. కొందరు కాఫీ కప్పులతోనే వచ్చారు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. స్టూడియో ఈ నెలాఖరుకి మూత. వ్యాపార కారణాలు. అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"మరి మూడో భాగం?" అని నేనే అడిగాను. నాకెందుకో ఆ ఒక్కదానికి మంచి జవాబు వస్తుందనిపించింది.

"మూడో భాగం ఆగదండీ!" అన్నాడు చిరునవ్వు, ముఖం వెలిగిపోతూ. "ఇంకో స్టూడియోలో మూడొందల మంది జూన్ నుంచే మొదలుపెట్టారు. మీ గ్రంథమే లేకపోతే ఆట కూడా స్టూడియోతోపాటే పోయేదండీ. మీరు దాన్ని బతికించారు, మేడమ్."

వెటకారం కాదు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నాకు మంచి కబురు చెబుతున్నాననే అనుకుంటున్నాడు పాపం.

ముప్పై తొమ్మిది మంది తలలు తిప్పి నావైపు చూశారు. తమ్ముడొక్కడే చూడలేదు.

రెండొందల పదకొండు ప్రశ్నలు. ఒక్కటి కూడా వదలకుండా చెప్పాను.

ఆగస్టు 9, శుక్రవారం

నేను రాయకపోయినా మూసేవాళ్లే.

ఆగస్టు 12, సోమవారం

రాయకపోయినా మూసేవాళ్లే. ఇలాంటి స్టూడియోలు ఎన్ని పోలేదు? కొంటారు, పొగుడుతారు, ఆట ఇలా ఉండాలి అలా ఉండాలి అంటారు, జనానికి నచ్చకపోతే తీసినవాళ్లదే తప్పంటారు. ఇందులో నా చేతిలో ఏముంది?

ఆగస్టు 13, మంగళవారం

మూసేవాళ్లే.

ఆగస్టు 20, మంగళవారం

మూసేవాళ్లేమో. కానీ మూడో భాగం తీయాలంటే మాత్రం మేమే కావలసొచ్చేది. ఆ ఒక్క పట్టూ మా దగ్గర ఉండేది. దాన్ని ముద్దుగా అట్ట వేసి, పదహారో అంతస్తుకి మోసుకెళ్లి, నేనే ఇచ్చాను. ఇచ్చి మంచినీళ్లు తాగి వచ్చాను.

తల గోడకేసి కొట్టుకోవాలనుంది. ఎవరూ నన్ను మోసం చేయలేదు. అదే భరించలేకపోతున్నాను.

ఆగస్టు 30, శుక్రవారం

ఆఖరి రోజు. కుర్చీలకి నంబర్ల చీటీలు అంటించారు. బొమ్మలావిడ కుంచెలు సంచిలో సర్దుకుంటోంది. దగ్గరికి వెళ్లి, "నన్ను క్షమించు" అన్నాను. ఇంతవరకు ఈ ఆఫీసులో ఎవరితోనూ అనని మాట.

"నేను చెప్పబట్టే కదా నువ్వు రాశావు" అంది. నా బుగ్గ మీద చెయ్యి వేసి తీసేసింది. క్షమించానని మాత్రం అనలేదు.

సెప్టెంబరు 16, సోమవారం

చిరునవ్వు ఫోన్. కొత్త స్టూడియోకి సలహాదారుగా రమ్మంటున్నారట. అక్కడివాళ్లు గ్రంథంలో ఉన్నట్టే అన్నీ చేశారట, ఆడుతుంటే మాత్రం ఎవరూ నవ్వడం లేదట, ఎవరికీ భయం వేయడం లేదట.

"ఎక్కడ తేడా వచ్చిందో మీరొక్కసారి చూస్తే చాలండీ."

రానన్నాను. ఎందుకండీ అన్నాడు, నిజంగానే తెలియక. ఆయన మీద కోపం కూడా రావడం లేదు. ఆయనకి ఆ ఆటంటే ప్రేమే. ప్రేమ ఉన్నవాళ్లమే కదా అందరం కలిసి దాన్ని ఇంతదాకా తెచ్చాం.

సెప్టెంబరు 29, ఆదివారం

మళ్లీ నేనే మొదలుపెడతాను. ఒక గది చాలు. పదిహేను మందైనా వస్తారు, నేను పిలిస్తే. ఈసారి ఎవరికీ అమ్మం. పేరు కూడా అనుకున్నాను. మొదటి ఆటకి కథ తలలో తయారవుతోంది: మంచు కురిసే ఊళ్లో తాళాలు చేసేవాడు. నడుం బిగిస్తే ఏడాదిన్నర. నాకు చేతకానిది కాదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పనిలో ఉన్నాడేమో.

అక్టోబరు 13, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. నెలన్నర తర్వాత. అత్తయ్య వాడికి కాఫీ ఇచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

వాడు మాట్లాడేలోపే నేను మొదలుపెట్టాను. గది, పదిహేను మంది, మంచు కురిసే ఊరు, తాళాలవాడు. ఆపకుండా పావుగంట. వాడు విన్నాడు. నేను చెప్పేది వాడు అంత ఓపికగా వినడం ఎప్పుడూ లేదు, నాకు అప్పుడే అనుమానం రావలసింది.

"అక్కా, మేం మొదలుపెట్టేశాం" అన్నాడు.

"ఏమిటి?"

"స్టూడియో. పదిహేడు మందిమి. బొమ్మలావిడ కూడా ఉంది. గది దొరికింది. రేపటి నుంచి పని."

"ఒరేయ్! చెప్పవేంరా మరి?" అని లేచాను. నిజంగా సంతోషం వేసింది. వాడిని కౌగలించుకోబోయాను కూడా. "ఎక్కడ గది? కిటికీలున్నాయా? నేను రేపు ఎన్నింటికి రావాలి?"

వాడు లేవలేదు.

"నువ్వు రాకూడదక్కా."

తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ చెప్పాడు. లాయరుని అడిగారట. మిగతావాళ్లు ఎవరూ ఏమీ రాసివ్వలేదు కాబట్టి వాళ్ల ఊహలు వాళ్లవి. నేను మాత్రం రాశాను, అన్నీ నావేనని సంతకం పెట్టాను, హక్కులు ఇచ్చేశాను. పాత్రలెలా పుట్టాలి, ఊరెలా కట్టాలి, అబద్ధం ఎక్కడ దాచాలి, తొమ్మిదొందల నాలుగు పేజీలు. రేపు నేను ఆ గదిలో కూర్చుని ఏ వాక్యం రాసినా, ఇది మా గ్రంథంలోదే అని పబ్లిషర్ కోర్టుకెళ్లొచ్చట. వెళతారట కూడా. అప్పుడు ఆ పదిహేడు మందీ మళ్లీ రోడ్డున పడతారు.

"తాళాలవాడి కథ బాగుందక్కా" అన్నాడు. "కానీ అదీ వాళ్లదే. నీ తలలో ఉన్నదంతా వాళ్లదే. నువ్వే రాసిచ్చావు."

కిటికీలోంచి కింద వీధి చూస్తూ నిలబడ్డాను. ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, ఇంకొకాయన చేత్తో దారి చూపిస్తున్నాడు. ఆ కారు బయటపడేదాకా చూశాను. నా గొంతు నాకు బాగానే వినిపించింది, ఎప్పటిలాగే.

"సరే, లాయరు సంగతి వదిలెయ్. ఆయన అలా అనకపోయుంటే, నన్ను పిలిచేవాళ్లారా?"

తమ్ముడు కప్పు అటూ ఇటూ తిప్పాడు.

"తెలీదక్కా" అన్నాడు.

వాడికి అబద్ధం చేతకాదు. నన్ను నొప్పించడం ఇష్టం లేనప్పుడు తెలీదంటాడు, చిన్నప్పటినుంచీ. గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను. చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి నా చెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా. లిఫ్టు వచ్చింది, వెళ్లిపోయాడు.

అక్టోబరు 14, సోమవారం

పొద్దున్న తొమ్మిదైంది. ఇప్పటికి వాళ్లు గది తలుపు తీసి ఉంటారు. ఎవరి కుర్చీ ఎక్కడో తగువు మొదలై ఉంటుంది.

నేనైనా నన్ను పిలిచేదాన్ని కాదు. వాళ్లు చేసింది సరైన పనే, ఈ మాట ఏడవకుండానే రాస్తున్నాను. మంచి ఆట తీస్తారు. నాకు ఏ సందేహమూ లేదు, వాళ్లని నాకంటే బాగా ఎరిగినవాళ్లెవరు? వీళ్లు ఒక్కచోట ఉండాలి, అంతే చాలు అని నేను కోరుకున్నాను. ఎన్ని మీటింగుల్లో, ఎన్ని గంటలు దానికోసమే మాట్లాడాను. వీళ్లతోపాటు నేను కూడా ఉండాలని విడిగా అడగాలని మాత్రం నాకు ఎప్పుడూ తోచలేదు.